కదలని కమాన్లు

కంటికి ఆపరేషన్ చేయించుకుని అదే సాయంత్రం ఆటో ఎక్కి ఇంటికి వెళ్లిపోతున్నారు ఇప్పుడు. దారిలో ఆటో ఆపించుకుని మిరపకాయ బజ్జీలు తిన్న మనిషిని కూడా నేను చూశాను. ఈ మధ్య మా మేనకోడలి కూతురు నా దగ్గర కూర్చుంది. ఆ పిల్లా నర్సే. "మీ రోజుల్లో కంటి వార్డులో మీకు పనేం ఉండేది అమ్మమ్మా?" అని అడిగింది. "రోగులు నవ్వకుండా చూసుకోవడం" అన్నాను. ఎగతాళి అనుకుంది.

ఎగతాళి కాదు. శుక్లం తీసిన కంటికి అప్పట్లో అందరికీ కుట్లు వేసేవారు కాదు. కోసిన అంచు దానంతటది అతుక్కోవాలి. రెండు కళ్లకీ కట్టు కట్టి, వెల్లకిలా పడుకోబెట్టి, తలకి అటొకటి ఇటొకటి ఇసక సంచి ఆనించేవాళ్లం. దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు. మన వైపు ముసలివాళ్లను నవ్వకుండా ఉంచడం ఎవరి తరం? ఒక మంచం మీంచి "ఒరే బావా, ఉన్నావేట్రా?" అని వినిపిస్తే, రెండో మంచం మీంచి "నిన్ను మోసీదాకా ఉంటాను గానీ తొంగో" అని జవాబు వచ్చేది. వార్డంతా కిసకిసలు. నేను మధ్యలో నిలబడి దేవుణ్ణి తలుచుకునేదాన్ని.

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాను. మా నాన్నగారు గుడిలో పురాణం చెప్పేవారు. అక్షరాలూ లెక్కలూ ఆయనే ఇంట్లో నేర్పారు. ఆయనకి చూపు మందగించాక పక్కన కూర్చుని పద్యం నేను చదివితే అర్థం ఆయన చెప్పేవారు. ఆయనకి శుక్లాలు తీసిన డాక్టరుగారు, ఆ పది రోజులూ నేను కట్లు మార్చడం గమనించి, "నీ చెయ్యి వణకదమ్మా, మా దగ్గర పనిచేస్తావా?" అని అడిగారు. అలా నాన్నగారి కళ్లే నాకు అన్నం పెట్టాయి. ఆ రుణం తలుచుకోకుండా నేను ఇప్పటికీ దీపం వెలిగించను.

అరవైల చివరి సంవత్సరాలవి. విజయనగరంలో ఒక ధర్మసంస్థ నడిపే చిన్న కంటి ఆసుపత్రి మాది. చలికాలం వస్తే పార్వతీపురం అవతల కొండ ఊళ్ల నుంచి చూపు పోయినవాళ్లను తీసుకొచ్చి, ఆపరేషన్ చేసి, కట్టు పలచబడ్డాక మళ్లీ ఇళ్ల దగ్గర దింపేవాళ్లం. అందుకోసం సంస్థవాళ్లు యుద్ధం నాటి మిలటరీ ట్రక్కు ఒకటి వేలంలో కొన్నారు. నాలుగు చక్రాలూ లాగే బండి. ఏ బురదలోనైనా దిగుతుంది, ఎక్కుతుంది. ఒక్కటే చిక్కు. కొండల్లో గెడ్డలు, అంటే వాగులు, దాటేటప్పుడు, నీళ్లలో ఉన్న బండరాళ్లకు దాని పొట్ట తగిలి కూర్చుండిపోయేది. ఎడ్లు కట్టి లాగించాల్సి వచ్చేది.

మా డ్రైవరు పాత సిపాయి. నన్ను చెల్లెమ్మా అనేవాడు, డాక్టరుగారిని దొరా అనేవాడు, ట్రక్కుని మాత్రం ఏమండీ అనేవాడు. "ఏవండీ, కోపగించుకోకండి, కాస్త స్టార్టవ్వండి" అంటూ ఇంజనుకి చేతులు జోడించేవాడు. అతనే ఒకనాడు అన్నాడు: "దొరా, బండిని జానెడు పైకెత్తించాల. నేదంటే ఆ గెడ్డకాడ మనకో ఇల్లు కట్టించీయండి, ఆడే ఉంటాం."

ఎత్తడానికి దొరికినవాడు ఊరి చివర కొలిమి పెట్టుకున్న కమ్మరి మేస్త్రి. పెద్దవాడు, మాటకి గౌరవం ఉన్నవాడు. ఆ చుట్టుపక్కల గుళ్ల రథాలకి ఇనప పని అంతా ఆయనదే. రథం చక్రానికి ఆయన పట్టా ఎక్కించాడంటే తరం దాకా చూసుకోనక్కర్లేదని పేరు. ట్రక్కు కింద దూరి చూసి, చక్రాల మీద విల్లులా వంగి బండి బరువు మోసే ఇనప పట్టీల కట్టలకి, అంటే కమాన్లకి, అదనంగా ఒక్కో పట్టీ చేర్చాడు. కమాను చివరలను బండి చట్రానికి వేలాడదీసే ఇనప పలకలుంటాయి, వాటిని షాకిళ్లంటారు. వాటి బదులు పొడుగాటివి కొట్టి పెట్టాడు. బండి నిజంగానే జానెడు లేచింది. పని చేస్తుండగా నన్నడిగాడు, "మీ రోగులకి ఏటి జాగర్త గావాలమ్మా?" అని. "కదలకూడదు మేస్త్రిగారూ. ఎంత కదలకపోతే అంత మంచిది" అన్నాను. తలూపాడు. కూలి వద్దన్నాడు. "గుడ్డోళ్లు ఎక్కే బండి. దీనికి డబ్బుచ్చుకుంటే నాకు తిన్నది అరగదు" అన్నాడు.

రోగులెవరూ లేకుండా, ఎత్తిన బండి మొదటిసారి గెడ్డ దాటినప్పుడు డ్రైవరు హారను కొట్టుకుంటూ దాటాడు. ఒక్క రాయీ తగల్లేదు.

ఆ బండిలో ఇంటికి బయలుదేరిన మొదటి మనిషి ఒక అవ్వ. రెండు కళ్లకీ చూపు పోయి వచ్చింది. ఒక కంటికే ఆపరేషన్ అయ్యింది. వార్డులో ఆమెని నవ్వకుండా ఉంచడం కాదు, ఆమె నన్ను నవ్వించకుండా ఉంచుకోవడం నాకు కష్టమయ్యేది. కట్టు విప్పిన మొదటి ఉదయం నా మొహం మీదికి వంగి, "ముక్కుపుడక తెల్లరాయా! మాట సూసి ఎర్రరాయి అనుకున్నానే" అంది. ఆమెకి ఒక్కతే కూతురు. పుట్టు మూగ, చెవుడు. తల్లీకూతుళ్లు చేతులతో మాట్లాడుకునేవారట. ఊళ్లో ఎవరికీ అర్థం కాని భాష, వాళ్లిద్దరే కల్పించుకున్నది. తల్లి కళ్లు పోయేసరికి ఆ భాష పోయింది. భుజం మీద తడితే పద అని, అరచేతిలో తడితే అన్నం అని, అంతే మిగిలింది.

"ఏటో సెప్పబోతాది నర్సమ్మా. నా సెయ్యి లాగతాది, ఇడిసీసి ఏడుస్తాది. ఏటే తల్లీ అంటే దానికి ఇనపడదు. నాకు అగుపడదు. ఒకే గుడిసెలో ఇద్దరం, ఒకరికొకరం నేకుండా పోనాం" అంది. కోడిపిల్లలు, మేకలు, కొండవాలు మీద రాగులు పండే చోడిచేను ఉన్నాయి, కూతురు వాటిని వదిలి ఆసుపత్రికి రాలేకపోయింది. ఇంటికి వెళ్లగానే దాని చేతులు చూడాలి, అదొక్కటే ఆమె ఆశ.

ట్రక్కులో పరుపు మీద పడుకోబెట్టి, తలకి ఇసక సంచులు పెట్టి, నేను తల దగ్గరే కూర్చున్నాను. రాళ్లబాట మొదలయ్యాక తెలిసింది. అదివరకు బండి ఊగేది, ఇప్పుడు కొడుతోంది. చిన్న రాయి ఎక్కినా రోకలితో కింది నుంచి పొడిచినట్టు. ఇసక సంచులు తలతో పాటు ఎగిరిపడ్డాయి. "కాస్త నిదానం అన్నయ్యా" అని నేను అరుస్తూనే ఉన్నాను, అతను నడిచే మనిషికన్నా నిదానంగా పోతూనే ఉన్నాడు.

గెడ్డ దాటాక అవ్వ అడిగింది, "సీకటి పడిపోనాదేటి నర్సమ్మా?"

మిట్టమధ్యాహ్నం. ఆ పలచటి కట్టులోంచి వెలుగు తెలియాలి. నేను కట్టు పక్కకి తీసి టార్చి వేశాను. నల్లగుడ్డు ముందంతా రక్తం నిండి ఉంది.

అక్కడి నుంచే వెనక్కి తీసుకొచ్చాం. డాక్టరుగారు చేయగలిగిందంతా చేశారు. ఆ కన్ను నిలవలేదు. అవ్వ ఎవర్నీ ఒక్క మాట అనలేదు, అదే భరించలేకపోయాం. డాక్టరుగారు ఒక తీర్మానం చేశారు: "రెండో కన్ను ఉంది. అది నేను చేస్తాను. కానీ ఈ బండి మెత్తబడేదాకా చెయ్యను. డోలీలో మోయిద్దామంటే రెండు గెడ్డలు, తడి రాళ్లు. ఒక్క బోయీ కాలు జారితే మళ్లీ ఇదే కథ. ఇక్కడే నెలల తరబడి ఉంచేద్దామంటే ఆవిడ ఉండదు." నిజమే, ఉండదు. "నా పిల్ల ఒక్కత్తీ ఉన్నాది" అని మూడోనాడే చేతికర్ర అడిగింది. చివరికి పోయిన కన్ను మానాక డోలీలోనే పంపించాం. పోయిన కన్ను ఇంకేం పోతుంది?

బండిని ఆసుపత్రి వెనక రేకుల కింద పెట్టేశారు. ఎండాకాలం, వానాకాలం అక్కడే నిలబడింది. ఈలోగా కొండ ఊళ్లలో పేరు పాకిపోయింది, కళ్లిచ్చి కళ్లు పీకే బండి అని. ఇక ఆ ఏడు చలికాలంలో ఎవరూ ఎక్కరని సంస్థ పెద్దలు బండి అమ్మేద్దామన్నారు. డాక్టరుగారు గడువడిగారు.

దసరా వెళ్లాక పరీక్షలు మొదలుపెట్టాం. మేం అంటే డాక్టరుగారు, డ్రైవరు, నేను. మాలో ఎవరికీ బండి వైద్యం రాదు. టౌను మెకానిక్కు ఒకాయన వచ్చి, నిలబడే చూసి, "మిలటరీ బండి మరి, పల్లకీ అనుకున్నారా?" అని టీ తాగి వెళ్లాడు. చక్రాల్లో గాలి తగ్గించాం. రవ్వంత మెరుగు, రెండు పంచర్లు. ఖాళీ బండి గనక కొడుతోందేమో, బరువుంటే అణుగుతుందేమోనని డ్రైవరు చోళ్ల బస్తాలు వేయించాడు. బస్తాల మీద బస్తాలు వేసినా బండి అంగుళం కిందికి దిగలేదు. డ్రైవరు తల గోక్కున్నాడు. "మా సుబేదారు ఇలాగే ఉండీవోడు దొరా, ఎంత బరువేసినా వొంగీవోడు కాదు. కాని ఆడు మనిసి" అన్నాడు. మాకు నవ్వొచ్చింది గానీ అందులో ఉన్న సంగతి ఆ క్షణాన ఎవరికీ తట్టలేదు.

పట్టీలు ఎక్కువయ్యాయి, ఒకటి తీసేయమని మేస్త్రికి కబురు పెట్టాం. ఆయన స్వయంగా వచ్చాడు, మొహం ముడుచుకుని. "పట్టీ తీస్తే మళ్లీ పొట్ట రాయికి తగుల్తాది. నా పనిలో లోటేటో సూపించండి, అప్పుడు తీస్తాను" అన్నాడు.

డాక్టరుగారు అన్నారు, "అయితే మీరూ రండి మేస్త్రీ. నేను రోగిలాగా పడుకుంటాను. గెడ్డ దాకా పోదాం. లోటు ఎక్కడుందో నా నడుం చెప్తుంది."

అన్నంత పనీ చేశారు. ఉదయాన్నే రాళ్లబాట మొదట్లో బండి ఆపి, పరుపు మీద వెల్లకిలా పడుకుని, "కట్టు కట్టమ్మా" అన్నారు. ఆయన కళ్లకి కట్టు కట్టి, తలకి ఇసక సంచులు పెట్టాను. ఊళ్లో ఎంతోమందికి చూపిచ్చిన మనిషి గుడ్డివాడిలా చేతులు గుండె మీద పెట్టుకుని పడుకుంటే నా కళ్లు చెమర్చాయి. ఆ చెమ్మ ఎంతోసేపు నిలవలేదు. మొదటి గుంతలోనే ఆయన పరుపు నుంచి లేచి పడ్డారు. "అమ్మో" అన్నారు. రెండో గుంతలో ఇంగ్లీషులో ఏదో అన్నారు, మూడో గుంతలో మళ్లీ తెలుగులోకి వచ్చి వాళ్లమ్మని తలుచుకున్నారు. గెడ్డ ఒడ్డుకి చేరేసరికి ఆయన జేబులోని కళ్లజోడు డబ్బా ఎగిరి బండి పక్కనించి కింద పడిపోయింది.

బండి ఆగింది. డాక్టరుగారు నడుం పట్టుకుని దిగారు. నేను కళ్లజోడు డబ్బా కోసం వంగి వెనక చక్రం వెనకాల చూశాను. డబ్బా అక్కడే ఉంది. దాని పైన, షాకిలికీ బండి చట్రానికీ నడుమ, నిమ్మకాయంత మట్టిముద్ద ఒకటి కనిపించింది. కందిరీగ గూడు. వానాకాలం చివర బండి రేకుల కింద నిలబడి ఉన్నప్పుడు కట్టుకుని ఉంటుంది. నున్నగా, వేలితో మెత్తినట్టుగా, ఒక అంచు ఈ ఇనుముకీ ఇంకో అంచు ఆ ఇనుముకీ అంటుకుని ఉంది. ఎక్కడా చిన్న బీట కూడా లేదు.

నాకు బండి సంగతి ఏమీ తోచలేదు. పిల్లల్ని పెట్టుకున్న గూడు కదా అని, "అమ్మయ్య, ఇంత కుదుపులోనూ దీనికేం కాలేదు. దేవుడు కాపాడాడు" అన్నాను.

మేస్త్రి వంగి చూశాడు. ఆయన మొహం వెలిగిపోయింది. లేచి, మీసం మీద చెయ్యి వేసి, డాక్టరుగారి వైపు తిరిగాడు.

"సూడండి బాబూ! తవరు లోటు లోటు అంటన్నారు. ఇన్ని రాళ్లమీద వొచ్చినా కందిరీగ గూడుకి బీటెయ్యనేదు. పచ్చిమట్టి! నాను బిగిస్తే అలగుంటాది. నట్టు కాదు గదా, నలుసు కదల్నేదు!"

డ్రైవరు నోరు కొద్దికొద్దిగా తెరుచుకుంది. డాక్టరుగారు నడుం మీద చెయ్యి తియ్యకుండా, చాలా మర్యాదగా అడిగారు:

"మరి మేస్త్రీ, చక్రం ఎగిరింది. గూడుకి బీట పడలేదు. ఆ ఎగిరిందంతా ఎక్కడికి పోయినట్టు?"

మేస్త్రి మళ్లీ వంగి గూడు చూశాడు. గూడు వైపు, షాకిలి వైపు, కమాను వైపు, మళ్లీ డాక్టరుగారి నడుం వైపు చూశాడు. చూస్తూ చూస్తూ నేల మీద కూలబడ్డాడు. ఆ తర్వాత ఆయన నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. కడుపు పట్టుకుని, తలపాగా ఊడిపోయేలా నవ్వాడు.

"ఓర్నాయనో! బండి కాదు బాబూ, రథం సేసీసినాను!"

ఆయనే విడమరిచి చెప్పాడు. కమాను అణిగినప్పుడు అది పొడుగవుతుంది. ఆ పొడుగుకి చోటివ్వడానికి షాకిలి ఉయ్యాల బల్లలా ముందుకీ వెనక్కీ ఊగాలి. ఈయన దాన్ని రథానికి కొట్టినట్టు కొట్టాడు. మేకుల కొసలు రెండువైపులా సుత్తితో చదునుచేసి, సందుల్లో చింతచెక్క దిగేసి, పట్టీల మీద ఇనప పట్టాలు చుట్టి బిగించాడు. కమాను ఇక కమాను కాదు, దూలం. ఎన్ని బస్తాలు వేసినా దూలం అణగదు.

"రథానికి ఏదీ కదలకూడదు. కదిలితే మా నాన్న నా సెవి మెలేసీవోడు. నర్సమ్మ కూడా కదలకూడదనీసి సెప్పింది. ఇంకేటి, ఒళ్లు తెలీకుండా బిగించీసినాను" అన్నాడు. తలపాగా చుట్టుకుంటూ, "రథంలో కూకున్నోడు దేముడు. ఆడికి నడుం నొప్పి నేదు, కంటికి ఆపరేసనూ నేదు" అన్నాడు.

డాక్టరుగారు కూడా నేల మీద కూర్చుని నవ్వారు. "మేస్త్రీ, మీ రథం దెబ్బకి నాకు దేముడు కనిపించాడులెండి" అన్నారు. ఆ మాట విన్నాక అక్కడ తప్పు అనే మాటకి చోటు లేకుండా పోయింది. నలుగురం కలిసి బండి కింద దూరాం. మిగతా మూడు చక్రాల దగ్గరా షాకిళ్ల మీద ఎండిన బురద గోడ పూతలాగా చెక్కుచెదరకుండా ఉంది. రోగి కదలకూడదంటే బండి కదలాలి. ఇంత చిన్న సంగతి మా నలుగురి తలల్లోనూ ఎక్కడో విడివిడిగా ఉంది. కలిపింది ఒక పురుగు. దాని చేత ఆ గూడు అక్కడే కట్టించినవాడికి నేను మనసులోనే మొక్కుకున్నాను.

మేస్త్రి ఆ రోజు నుంచే పని పెట్టుకున్నాడు. మేకులు కోసేశాడు. నున్నటి కడ్డీలు పోయించి, అవి తిరగడానికి లోపల ఇత్తడి గొట్టాలు అమర్చి, గ్రీజు పట్టించాడు. పట్టీల మీది బిగింపులు వదులు చేశాడు. గూడున్న మూల మాత్రం చివరికి వదిలేశాడు. "పిల్ల ఎగిరిపోనీ" అన్నాడు, నేను అడగకుండానే. మిగతా మూడూ అయ్యి ఆ మూలకి వచ్చేసరికి గూడుకి గుండ్రటి కన్నం ఉంది, లోపల ఏమీ లేదు.

ఆఖరి కడ్డీ దిగాక జాకీ దించాడు. ట్రక్కు ఉస్సురంటూ రెండు వేళ్ల మేర కిందికి దిగి ఆగింది. పొట్ట ఇంకా రాళ్లకి అందనంత ఎత్తులోనే ఉంది. డ్రైవరు వెనక తొట్టిలోకెక్కి గెంతాడు. బండి అణిగింది, లేచింది, మళ్లీ అణిగింది. "ఊగతన్నాది! సెల్లెమ్మా, ఏవండిగారు ఊగతన్నారు!" అని కేక పెట్టాడు. ఆసుపత్రి కిటికీలన్నిట్లోంచీ జనం చూశారు. ఆ నడివయసు మనిషి, మేం వద్దంటున్నా, అలసిపోయేదాకా గెంతాడు.

మళ్లీ అదే బాట. మళ్లీ డాక్టరుగారు పరుపు మీద, కళ్లకి కట్టు, తలకి ఇసక సంచులు. మేస్త్రి ఈసారి ముందు కూర్చోనన్నాడు. వెనక తొట్టిలో, డాక్టరుగారి కాళ్ల దగ్గర చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మొదటి గుంత. బండి పడవలా ఒరిగి లేచింది. నా చూపంతా ఇసక సంచుల మీదే. అవి కదల్లేదు. రెండో గుంత, మూడో గుంత. రాళ్ల దిబ్బ. గెడ్డలో దిగాం, నీళ్లు చక్రాలని కొట్టుకుంటూ పోయాయి, అవతలి ఒడ్డు ఎక్కాం.

"ఎలా ఉందండీ?" అని అడిగాను. జవాబు లేదు. భయమేసి వంగాను.

డాక్టరుగారు నిద్రపోతున్నారు. సన్నగా గురక కూడా వస్తోంది.

మేస్త్రి నా వైపు చూశాడు. పెదవుల మీద వేలు పెట్టి, "లేపకమ్మా" అన్నాడు. గుళ్లో పవళింపు సేవ అయ్యాక తలుపులు మూసేవాళ్లు ఎలా మాట్లాడతారో అంత మెల్లగా అన్నాడు.

ఇక అవ్వని తీసుకురావాలి. డ్రైవరూ నేనూ బయలుదేరితే మేస్త్రి కూడా మాతో వచ్చాడు. ట్రక్కు వాళ్ల ఊరి మొదట్లో ఆగగానే ఎదురొచ్చింది కూతురు. చేతిలో కొడవలి. గుడిసెకి అడ్డంగా నిలబడి బండి వైపు, తల్లి పోయిన కంటి వైపు చూపించి, కొడవలి ఊపింది. ఆ మాట అర్థం కావడానికి మాకు ఏ భాషా అక్కర్లేకపోయింది. అవ్వ లోపల్నుంచి, "వొద్దనీసి అంటందా? అది అలగే అంటాది, కొడవలి గాలి నాకు ఇనపడతంది" అంది.

డ్రైవరు ఏమీ బతిమాలలేదు. చూరు కింద నిండుగా ఉన్న అంబలి కుండ తీసుకెళ్లి ట్రక్కు తొట్టిలో పెట్టి, ఆ పిల్లని ఎక్కమని సైగ చేశాడు. ఆమె అనుమానంగానే ఎక్కింది. కొడవలి మాత్రం వదల్లేదు. ఊరి చుట్టూ ఉన్న రాళ్ల మీదుగా బండి ఒక చుట్టు తిరిగి వచ్చింది. దిగి, కుండలోకి తొంగి చూసింది. తొట్టి అడుగున చూసింది, ఒక్క చుక్కా ఒలకలేదు. కుండ తీసి ముందు డ్రైవరుకి, తర్వాత మేస్త్రికి ఒక్కో దోసెడు అంబలి పోసింది. తల్లి భుజం మీద తట్టింది. పద.

రెండో కంటి ఆపరేషన్ మామూలుగానే జరిగింది. అవ్వ వార్డులో మళ్లీ అందర్నీ నవ్వించింది, మళ్లీ తిట్లు తింది. కట్టు విప్పాక నా ముక్కుపుడక గురించి ఏమీ అనలేదు. ఈసారి ఏదీ చూడననేసింది. కళ్లు మూసుకునే కూర్చునేది. "ముందు నా పిల్లని సూస్తాను. మొదట సూపు దానికే ఇస్తానని మొక్కుకున్నాను" అంది. డాక్టరుగారు వెలుగు మాత్రం పరీక్షించి, తాత్కాలికంగా మందపాటి అద్దాల జోడు ఒకటి ఇచ్చి, నా చేతికి టార్చి ఇచ్చారు. ఆయన రాలేదు. వరండాలో నిలబడి బండి మలుపు తిరిగేదాకా చూశారు.

నేను చాలా ప్రయాణాలు చేశాను గానీ అంత పొడుగాటిది ఇంకోటి చెయ్యలేదు. ఆమె తల నా రెండు చేతుల మధ్య ఉంది. డ్రైవరు ఆ రోజు ఒక్క హాస్యమూ ఆడలేదు. మేస్త్రి, రావలసిన పనేమీ లేకపోయినా వచ్చి, వెనక కూర్చుని ప్రతి కుదుపుకీ కమాను చప్పుడు చెవి పెట్టి విన్నాడు. నేను మా నాన్నగారు నేర్పిన నామాలు లోపల్లోపల చెప్పుకుంటూనే ఉన్నాను. గెడ్డ వచ్చింది. బండి దిగింది. ఒరిగింది. లేచింది. అవతలి ఒడ్డున ఆగింది. పోయినసారి ఎక్కడ చీకటి పడిందో సరిగ్గా అక్కడ.

ఎవరూ ఆపమనలేదు, డ్రైవరే ఆపాడు. కట్టు తీసి టార్చి వేశాను. నల్లగుడ్డు నల్లగా, నూతి అడుగున నీళ్లలా తేటగా ఉంది. వాళ్లిద్దరి వైపూ చూసి తల ఊపాను. మేస్త్రి తలపాగా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. డ్రైవరు ఇంజను మీద చెయ్యి వేసి, "సిత్తం ఏవండీ, పదండి" అన్నాడు.

సాయంత్రపు ఎండ ఇంకా ఉండగానే ఊరు చేరాం. అవ్వని చెయ్యి పట్టుకుని గుడిసె ముందు అరుగు మీద కూర్చోబెట్టాను. అద్దాలు పెట్టి, దారం చెవుల వెనక కట్టాను. కూతురు ఎదురుగా వచ్చి నిలబడింది. చేతులు పక్కన వేలాడుతున్నాయి. నమ్మకం లేదు వాటికి.

అవ్వ కన్ను తెరిచింది. చాలాసేపు చూసింది. తర్వాత తన కుడిచెయ్యి మెల్లగా పైకెత్తి, వేళ్లు రెండుసార్లు ముడిచి విప్పింది. ఏదో ప్రశ్న.

ఆ పిల్ల చేతులు ఒక్కసారిగా లేచాయి. నేను పుట్టి బుద్ధెరిగాక అంత వేగంగా మాట్లాడిన మనిషిని చూడలేదు. నాకు తోచినంతలో ఆ చేతుల్లో కోళ్లు ఎగిరాయి, వాన కురిసింది, ఎవరో ఎవర్నో కొట్టారు, చేను పండింది, మేక ఈనింది. ఏడుస్తూ, కోప్పడుతూ, నవ్వుతూ చేతులు ఆడిస్తోంది. అవ్వ చేతులు కూడా లేచాయి. మధ్యలో ఆపి ఏదో అడిగింది. కూతురు కాలు నేలకేసి కొట్టి మళ్లీ మొదట్నుంచి చెప్పింది.

"ఏటంటంది అవ్వా?" అన్నాడు డ్రైవరు, ఆగలేక.

"తిడతన్నాది బాబూ! సూపు పోయిన కాణ్ణించీ దాసుకున్న తిట్లన్నీ తిడతన్నాది. ఒక్కటీ మర్సిపోనేదు దొంగముండ!" అంది అవ్వ. బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి. కంటికి చెమ్మ మంచిది కాదు, ఆపరేషనైన మనిషి ఏడవకూడదు, నవ్వకూడదు. నేను నర్సుని. వెంటనే ముందుకి వెళ్లి, దూదితో తుడవబోతూ ఇద్దరికీ మధ్యన నిలబడ్డాను.

అవ్వ తల పక్కకి వంచి, నన్ను దాటుకుని చూడాలని ప్రయత్నించింది. కుదరలేదు.

"నర్సమ్మా, కాసింత పక్కకి జరుగమ్మా" అంది. "నా పిల్ల మాటకి అడ్డొస్తన్నావు."

నేను పక్కకి జరిగాను.